పేరు పక్కన అక్షరాలు

నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ క్లాక్ టవర్ దగ్గర నిలబడి చుట్టూ చూస్తే ముందుగా కంటికి తగిలేవి హాస్పిటల్ బోర్డులే. డాక్టరు పేరు, పేరు పక్కన ఎంబీబీఎస్, కామా, ఎండీ, కామా, ఇంకేదో ఫెలోషిప్. దాని కింద చిన్న అక్షరాల్లో హైదరాబాద్‌లోని ఫలానా పెద్ద హాస్పిటల్‌లో మాజీ రిజిస్ట్రార్, ఫలానా చోట కన్సల్టెంట్. అన్నిటికీ కింద ఎర్రటి అక్షరాల్లో '24 గంటల ఎమర్జెన్సీ'. ఒక్కోసారి ఒకే పేరు రెండు మూడు బోర్డుల మీద కూడా కనిపిస్తుంది. ఇదంతా మనకి ఎంత అలవాటైపోయిందంటే, ఒక చిన్న ప్రశ్న అడగడం మర్చిపోయాం. ఈ అక్షరాలు ఎవరు చదవడానికి రాసినవి?

మోకాళ్ల నొప్పులకైతే ఈ ప్రశ్నకి జవాబు సులువు. నలుగురినీ అడుగుతాం, గూగుల్‌లో చుక్కలు లెక్కపెడతాం, ఒక డాక్టరు నచ్చకపోతే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తాం. అక్కడ డిగ్రీ అనేది కొనేవాడికి ఇచ్చే సమాచారం. ఎమర్జెన్సీలో ఇదేమీ ఉండదు. హైవే మీద బండి గుద్దిన మనిషి, చేలో పాము కరిచిన మనిషి, పురుగుల మందు తాగిన మనిషి, అర్ధరాత్రి ఛాతీ పట్టుకుని కూర్చున్న మనిషి, వీళ్లెవరూ బోర్డు చదవరు. వెంట ఉన్నవాళ్లు చదివినా ఆ అక్షరాల అర్థం ఆలోచించే తీరిక వాళ్లకుండదు. వైద్యంలోని అన్ని శాఖల్లోకీ, తన డాక్టరెవరో రోగి ఎంచుకోలేని శాఖ ఇదొక్కటే. మరి అలాంటి చోట, ఆ డాక్టరు అర్హతలు రోగికి నైతికంగా ఏం వాగ్దానం చేస్తున్నట్టు? కొన్నాళ్లుగా నన్ను తొలిచేస్తున్న ప్రశ్న ఇదే.

ముందు ఈ శాఖ చరిత్ర కాస్త చూద్దాం. అది కూడా విచిత్రంగానే ఉంటుంది. మనిషికి అత్యవసరంగా వైద్యం అందాలన్నది ఎప్పటినుంచో ఉన్న ఆలోచన. దానికొక ప్రత్యేకమైన చదువు కావాలన్నది మాత్రం మొన్నమొన్నటి మాట. అమెరికాలో ఎమర్జెన్సీ మెడిసిన్‌లో మొదటి రెసిడెన్సీ శిక్షణ 1970లో సిన్సినాటీలో మొదలైంది. దాన్ని స్పెషాలిటీగా గుర్తించింది 1979లో. మన దేశంలో మెడికల్ కౌన్సిల్ గుర్తించింది 2009లో. అప్పటిదాకా మనకున్నది 'క్యాజువాల్టీ'. అక్కడ డ్యూటీ అంటే చాలాచోట్ల అప్పుడే చదువు పూర్తయినవాళ్లో, వేరే శాఖ నుంచి వంతులవారీగా వచ్చినవాళ్లో చేసేది. హాస్పిటల్‌లో అన్నిటికన్నా కష్టమైన గదిలో అందరికన్నా అనుభవం తక్కువైన మనిషిని కూర్చోబెట్టి, దాన్ని మామూలు విషయం అనుకున్నాం.

గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. ఈలోపు కార్పొరేట్ హాస్పిటళ్లు సొంత దారులు వేసుకున్నాయి. అందుకే ఇవాళ 'ఎమర్జెన్సీ ఫిజీషియన్' అనే మాట వెనక రకరకాల అక్షరాలుంటాయి. మెడికల్ కాలేజీలో మూడేళ్లు చదివిన ఎండీ ఉంది. డీఎన్‌బీ ఉంది. హాస్పిటళ్లు విదేశీ యూనివర్సిటీతో కలిసి నడిపే ఎంఈఎం ఉంది. బ్రిటన్ రాయల్ కాలేజీ పరీక్షలు రాస్తే వచ్చే సభ్యత్వం ఉంది. ఏడాది ఫెలోషిప్పులున్నాయి. వీటిలో మొదటి రెండూ మన దగ్గర గుర్తింపు ఉన్న పీజీ డిగ్రీలు. ఎంఈఎంకి ఆ గుర్తింపు లేదు. అలాగని అది చదివినవాళ్లకి పని రాదనడం అన్యాయం. నాకు తెలిసిన ఒకరిద్దరు ఆ గదుల్లోనే రాత్రింబవళ్లు గడిపి పని నేర్చుకున్నారు. నా ఉద్దేశం వేరే. ఈ తేడాలు తెలుసుకోడానికి నాలాంటి ఇంజనీరుకే ఒక సాయంత్రం పట్టింది. ఊపిరాడని మనిషిని ఆటోలోంచి దించుతున్న కుటుంబానికి ఆ సాయంత్రం ఎక్కడిది?

పేరు పక్కనుండే అక్షరాల్లో నాకు మూడు వాగ్దానాలు కనిపిస్తాయి. ఒకటి, 'నాకు తెలుసు'. ఇది డిగ్రీ. రెండోది, 'నేను జవాబుదారీని'. ఇది మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు. డాక్టర్ల నడవడికి సంబంధించిన 2002 నిబంధనలు ఆ నంబరు ప్రిస్క్రిప్షన్ మీద ఉండాలంటాయి. ఒక శాఖలో ప్రత్యేక అర్హత లేకుండా ఆ శాఖ స్పెషలిస్టునని చెప్పుకోకూడదంటాయి. ఏదైనా తప్పు జరిగితే ఎవరిని అడగాలో తెలియడానికే ఆ నంబరు. మూడోది, 'నేను ఇక్కడున్నాను'. ఇది హాస్పిటల్ అనుబంధం, అంటే ఫలానా చోట కన్సల్టెంట్ అనే ఆ చిన్న అక్షరాల లైను.

మామూలు రోగానికి మొదటి వాగ్దానమే ముఖ్యం. డాక్టరు ఇవాళ లేకపోతే రేపు వెళ్తాం. ఎమర్జెన్సీలో మూడోది లేకపోతే మొదటి రెండూ కాగితం మీద మిగిలిపోతాయి. మా వైపు పల్లెల్లో జనం మాట్లాడే తీరులోనే ఈ సంగతి ఉంది. పట్నంలో మనం "ఆయన ఏం చదివాడు?" అని అడుగుతాం. అక్కడ "డాక్టర్ ఉన్నడా?" అని అడుగుతారు. ఆ రెండో ప్రశ్నని చాలాకాలం చదువులేని ప్రశ్న కింద జమకట్టాం. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ గదికి సంబంధించినంతవరకు అదే సరైన ప్రశ్నేమో అనిపిస్తోంది.

ఇక ఆరెంపీ సంగతికి వద్దాం. ఈ మాటలోనే ఒక వింత ఉంది. ఆ మూడక్షరాలకి అసలు అర్థం రిజిస్టర్ అయిన వైద్యుడని. మన ఊళ్లలో దాని అర్థం ఏ రిజిస్టర్‌లోనూ లేని వైద్యుడని. చట్టం వాళ్లని డాక్టర్లుగా ఒప్పుకోదు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అయినా పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో జ్వరం వచ్చిన మనిషి మొదట తలుపు తట్టేది వాళ్లదే. మొదటి రెండు వాగ్దానాలూ లేని ఆ మనిషి దగ్గర మూడోది పుష్కలంగా ఉంటుంది. అర్ధరాత్రి పిలిస్తే టీవీఎస్ బండి మీద వస్తాడు. డబ్బులు పంట చేతికొచ్చాక తీసుకుంటాడు.

2016 ఎండాకాలంలో నకిరేకల్ దగ్గరి ఒక ఊళ్లో మా మేనమామకి రాత్రి ఛాతీలో నొప్పి వచ్చింది. ఐదు నిమిషాల్లో ఆరెంపీ వచ్చాడు. బీపీ చూశాడు, చెమటలు చూశాడు, మా అత్తమ్మతో ఒకటే మాటన్నాడు. "ఇది నా చేతిల లేదక్కా, సూది గీది అనకుండ్రి, జల్దిన తోలుకపోండ్రి." జిల్లా కేంద్రంలో 24 గంటల బోర్డున్న ఒక ప్రైవేట్ హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. బోర్డు మీద పేరూ దాని పక్కన అక్షరాలూ గొప్పగానే ఉన్నాయి. లోపల ఉన్నది మాత్రం ఒక కుర్ర డ్యూటీ డాక్టరు. అతను ఈసీజీ తీశాడు, ఫోన్‌లో ఫొటో కొట్టి పంపాడు, జవాబు కోసం చూస్తూ కూర్చున్నాడు. నలభై నిమిషాల తర్వాత జవాబొచ్చింది, పట్నం తీసుకెళ్లమని. మామ బతికాడు, కానీ గుండె కండరం కొంత పోయింది. ఇప్పుడు మోటరు దగ్గరికి నడవాలన్నా మధ్యలో రెండుసార్లు ఆగుతాడు. ఆ రాత్రి ఇచ్చిన కాగితంలో కన్సల్టెంట్ అన్న గడిలో ఒక పేరుంది. ఆ పేరు గల మనిషిని మామ ఇవాళ్టికీ చూడలేదు.

ఈ కథ విన్నాక "చూశారా, ఆరెంపీనే నయం" అని తేల్చేయాలనిపిస్తుంది. సాహిత్యం చదివేవాళ్లకి ఆ మోజు కాస్త ఎక్కువే. పట్నం డాక్టరు యంత్రం, పల్లె వైద్యుడు మనిషి అనే కథలు మనకి ఇష్టం. కానీ ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ప్లేటో 'గోర్జియాస్'లో ఒక చోట గోర్జియాస్ గొప్పగా చెప్పుకుంటాడు. వైద్యుడైన తన సోదరుడు ఎంత చెప్పినా మందు తాగని రోగుల్ని, తాను మాటలతో ఒప్పించాడట. సోక్రటీస్ అక్కడే పట్టుకుంటాడు. తెలియని వాడు తెలియని వాళ్ల ముందు తెలిసినవాడికన్నా నమ్మకంగా కనిపించగలడు, అదే ప్రమాదం అని. ఆప్యాయంగా పలకరించడం, అడగ్గానే సూది వెయ్యడం, గ్లూకోజు ఎక్కించడం, ఇవన్నీ నమ్మకం పుట్టిస్తాయి. నమ్మకానికి అర్హత మాత్రం ఇవ్వవు. అర్హత లేని చేయి విరిగిన మెడని ఎత్తితే ఏమవుతుందో, అనవసరంగా స్టెరాయిడ్ ఇస్తే ఏమవుతుందో ఆ ఊళ్లకీ తెలుసు. చట్టం కూడా ఈ విషయంలో కటువుగానే ఉంది. పూనమ్ వర్మ కేసులో 1996లో సుప్రీంకోర్టు, హోమియోపతి చదివి అల్లోపతి మందులిచ్చిన డాక్టరు చేసింది నిర్లక్ష్యమేనని, దానికి వేరే రుజువు అక్కర్లేదని చెప్పింది. తెలియని పద్ధతిలో వైద్యం చేసేవాడు నాటువైద్యుడితో సమానమంది.

పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లాలో ఇలాంటి వైద్యులు 304 మంది మీద చేసిన ఒక అధ్యయనం ఉంది, 2016లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. వాళ్లలో కొందరికి తొమ్మిది నెలలు శిక్షణ ఇచ్చారు. రోగాన్ని సరిగ్గా పట్టుకోవడం, సరైన దారిన పెట్టడం మెరుగైంది. అనవసరమైన మందులు రాయడం మాత్రం తగ్గలేదు. అంటే 'నాకు తెలుసు' అనేదాన్ని కొంత నేర్పవచ్చు. 'నేను జవాబుదారీని' అనేది శిక్షణతో రాదు, దానికి వేరే ఏర్పాటు కావాలి. మామ విషయంలో ఆ ఆరెంపీ చేసిన మంచి పని వైద్యం కాదు. తన హద్దు ఎక్కడో చెప్పడం. అందరూ అలా చెప్పరు.

రెండోవైపు, డిగ్రీ ఉన్నంత మాత్రాన చేయి తిరిగిపోదు. బుల్గాకోవ్ యువ డాక్టరు కథలు చదివినవాళ్లకి ఇది గుర్తుండే ఉంటుంది. యూనివర్సిటీ నుంచి గొప్ప మార్కులతో బయటికొచ్చి రెండు నెలలైనా కాని కుర్రాడు, రైలు కూడా లేని మారుమూల ఆసుపత్రిలో ఒంటరిగా పడతాడు. దేవుడా, హెర్నియా కేసు రాకుండా చూడు అనుకుంటూ వణుకుతుంటాడు. వచ్చేది అంతకన్నా కష్టమైన కేసు, యంత్రంలో కాళ్లు నలిగిపోయిన అమ్మాయి. అతని డిప్లొమా ఆ నిమిషంలో అతనికి చెయ్యి పట్టుకుని నేర్పదు. మరి అతన్ని డాక్టర్ని చేసిందేంటి? అక్కడ ఇంకెవరూ లేరు, అతను పారిపోలేదు. కానీ ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. అనుభవమున్న నర్సులున్నారు, పుస్తకాలున్నాయి, చూసిన ఆపరేషన్ల జ్ఞాపకముంది. ఉండటం ఒక్కటే సరిపోదు. చదివినవాడు ఉండటం కావాలి. మూడు వాగ్దానాలూ ఒకే మనిషిలో, ఒకే గదిలో, ఒకే గంటలో కలవాలి.

నా వృత్తిలోంచి ఒక పోలిక చెప్తాను. వెబ్‌సైట్ అడ్రసు పక్కన ఏళ్ల తరబడి ఒక తాళం గుర్తుండేది. మీరు మాట్లాడుతున్నది ఆ అడ్రసు గల కంప్యూటర్‌తోనే, మధ్యలో ఎవరూ వినడం లేదు అని మాత్రమే దాని అర్థం. జనం మాత్రం దాన్ని చూసి 'ఇది మంచి సైటు' అనుకున్నారు. మోసగాళ్లు కూడా ఆ తాళం సంపాదించారు, దాన్ని సంపాదించడం కష్టం కాదు కాబట్టి. చివరికి 2023లో గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్‌లోంచి ఆ గుర్తే తీసేసింది. గుర్తు అబద్ధం చెప్పిందని కాదు. గుర్తు చెప్పేదొకటి, చూసేవాడికి అర్థమయ్యేది ఇంకొకటి. అర్థమైనదే తప్పయితే, నిజం చెప్పే గుర్తుని కూడా అలాగే ఉంచడం సరికాదని వాళ్లకి అనిపించింది.

బోర్డు మీద డాక్టరు పేరుకీ ఇదే వర్తిస్తుంది. ఆ ఎండీ నిజమైనదే. ఆ రిజిస్ట్రేషన్ నిజమైనదే. ఆయన ఆ హాస్పిటల్‌కి కన్సల్టెంట్ అన్న మాటా ఒప్పందం ప్రకారం నిజమే కావచ్చు, వారానికి ఒకరోజు వస్తాడేమో. కానీ '24 గంటల ఎమర్జెన్సీ' అన్న ఎర్రటి అక్షరాల పైన ఆ పేరు చూసినవాడికి అర్థమయ్యేది ఒకటే, ఆయన లోపల ఉన్నాడని. ఒక్కో మాటా నిజమే. అన్నీ కలిపి చదివితే అబద్ధం.

ఇక్కడ నేనొక మాట అంటాను, మీరు ఒప్పుకోకపోవచ్చు. లేని డిగ్రీ ఉన్నట్టు నటించేవాడికన్నా, ఉన్న డిగ్రీని తాను లేని చోటికి అద్దెకిచ్చేవాడు చేసేది నైతికంగా పెద్ద తప్పు. హాని వేరు, తప్పు వేరు. ఎక్కువ హాని ఆరెంపీ వల్లే జరగొచ్చు, నేను కాదనను. కానీ ఆరెంపీ దగ్గరికి వెళ్లేవాడికి తనకేం దొరుకుతుందో సుమారుగా తెలుసు. "పెద్ద డాక్టర్ కాదు, మనోడే" అని ఊళ్లోనే అంటారు. అద్దె పేరుని నమ్మి వెళ్లినవాడికి తెలియదు. పైగా అతను ఆ నమ్మకం కోసం పక్క గవర్నమెంటు ఆసుపత్రిని దాటి వచ్చాడు, పుస్తెలు తాకట్టు పెట్టి వచ్చాడు. చేతిలో ఉన్న ఒకే ఒక్క గంటని ఆ పేరు మీద ఖర్చుపెట్టాడు. దొంగనోటు ఇచ్చినవాడు ఒక మనిషిని మోసం చేస్తాడు. అసలు నోటునే ఇలా వాడితే, రేపు అసలు నోటుని కూడా ఎవరూ నమ్మరు. "చదువుకున్నోళ్లందరూ అంతే" అన్న మాట పల్లెల్లో ఎక్కడ పుడుతుందో వెతకండి, ఇక్కడే దొరుకుతుంది.

దీనికి డాక్టర్ల వైపు నుంచి వచ్చే జవాబు తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. చిన్న పట్నాల్లో స్పెషలిస్టులు కొద్దిమంది. ఒక్క హాస్పిటల్ వాళ్లని పోషించలేదు. మూడు చోట్ల తిరిగే డాక్టరు ఉండటం అసలు లేకపోవడం కన్నా నయం కదా? నయమే. ఈసీజీ ఫొటో చూసి దూరం నుంచి సలహా ఇవ్వడమూ తప్పు కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సర్వీసు నడిచేదే ఆ పద్ధతిలో. అంబులెన్స్‌లో శిక్షణ పొందిన ఈఎంటీ ఉంటారు, కాల్ సెంటర్‌లో డాక్టరు ఫోన్‌లో దారి చూపిస్తారు. ఉండటమంటే ఒళ్లు అక్కడే ఉండటమని కాదు, అవసరమైన నిమిషంలో అందటం. మా కంపెనీలో రాత్రి సర్వర్ పడిపోతే ఫోన్ ఎవరికి వెళ్లాలో, ఎన్ని నిమిషాల్లో ఎత్తాలో, ఎత్తకపోతే తర్వాత ఎవరికో రాసి ఉంటుంది. ఎవరో ఫుడ్ ఆర్డర్ ఆగిపోకుండా ఉండటానికి ఇంత ఏర్పాటు! గుండె విషయంలో 'ఎవరో ఒకరు ఎత్తుతారులే' అని ఎలా సరిపెట్టుకున్నాం?

కాబట్టి నా అభ్యంతరం తిరిగే డాక్టరు మీద కాదు, తిరుగుతున్నట్టు చెప్పని బోర్డు మీద. పేరు పక్కన అక్షరాలతో పాటు గంటలు కూడా రాస్తే? 'ఈ రాత్రి లోపల ఉన్నది వీరు, వీరి చదువు ఇది, అవసరమైతే ఫోన్‌లో అందేది ఫలానావారు.' ఇది రాసిన హాస్పిటల్‌కి కొందరు రోగులు తగ్గొచ్చు. నిజం చెప్పినందుకు నష్టపోయేట్టుగా ఉన్న చోట ఒక్క హాస్పిటలే నిజం చెప్పడం కష్టం. అందుకే ఇది ఒక్కొక్కరి మంచితనానికి వదిలే విషయం కాదు, అందరికీ ఒకేసారి వర్తించే నియమం కావాలి.

"జనమే జాగ్రత్తగా ఉండాలి, కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు చూసుకోవాలి" అనే సలహా తరచూ వినిపిస్తుంది. మోకాళ్ల నొప్పికి అది మంచి సలహా. ఎమర్జెన్సీకి అది క్రూరమైన సలహా. తత్వవేత్త ఒనోరా ఓనీల్ 2002లో బీబీసీ రీత్ ఉపన్యాసాల్లో నమ్మకం గురించి మాట్లాడారు. నాకు అందులోంచి మిగిలింది ఇది: కావాల్సింది ఎక్కువ నమ్మకం కాదు, నమ్మదగ్గ చోట నమ్మకం. అలా నమ్మడానికి మామూలు మనిషికి పరీక్షించే వీలుండాలి. ఎమర్జెన్సీ రోగికి ఆ వీలు ఎప్పటికీ ఉండదు. అతని తరఫున ఎవరో ముందే పరీక్షించి ఉండాలి. కౌన్సిలు, జిల్లా వైద్యాధికారి, ఆ హాస్పిటల్ యాజమాన్యం, అన్నిటికన్నా ముందు ఆ పేరు గల డాక్టరు.

మన కోర్టులు డాక్టర్ల బాధ్యతని ఇలాగే చూశాయి. పరమానంద్ కటారా కేసులో స్కూటర్ మీద వెళ్తూ కారు గుద్దిన మనిషిని, పోలీసు కేసులు తీసుకునే వేరే ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు. అది 20 కిలోమీటర్ల దూరం, దారిలో చనిపోయాడు. గవర్నమెంటయినా ప్రైవేటయినా ప్రతి డాక్టరుకీ ప్రాణం కాపాడే బాధ్యత ఉందని, కేసు కాగితాలు తర్వాతని 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. రోగి అడిగాడా, ఎంచుకున్నాడా అన్నదానితో ఆ బాధ్యతకి సంబంధం లేదు. అతను ఎంచుకోలేడు కాబట్టే బాధ్యత మొత్తం అవతలివాడి మీదికి వచ్చింది. పేరు విషయంలోనూ అంతే. చదివేవాడికి పరీక్షించే వీలు ఎంత తక్కువైతే, రాసేవాడికి నిజం చెప్పే బాధ్యత అంత ఎక్కువ.

మా జిల్లాల్లో కొన్ని మార్పులు వచ్చాయి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. విజయవాడ హైవే మీద, కర్నూలు హైవే మీద రాత్రిపూట ప్రయాణించేవాళ్లకి ఇవి చిన్న విషయాలు కావు. 2013 అక్టోబరులో పాలెం దగ్గర బస్సు కాలి 45 మంది పోయిన దారి అది. అయితే ఎన్ని కాలేజీలు వచ్చినా, ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే కనిపించే ప్రొఫెసర్ల గురించి దేశమంతా మాట్లాడుకుంటూనే ఉంది. వైద్య కమిషన్ బయోమెట్రిక్ హాజరు పెట్టాల్సి వచ్చింది. అక్కడ కూడా ప్రశ్న చదువు గురించి కాదు, ఉండటం గురించే.

108లో వచ్చే ఈఎంటీ పేరు మనలో ఎవరికీ తెలియదు. పేరు పక్కన ఏ అక్షరాలున్నాయో తెలియదు. బోర్డు లేదు. ఫోన్ చేస్తే వస్తారన్నది ఒక్కటే తెలుసు. వాళ్లకి ఏం వచ్చో, ఏం రాదో ఎవరో ముందే చూసి పంపారని నమ్ముతాం. ఎమర్జెన్సీలో అర్హత పని చేయాల్సిన తీరు బహుశా ఇదేనేమో. మనం చదవాల్సిన అవసరం లేకుండా, మన కోసం ఇంకెవరో చదివి ఉండటం. అది జరిగేదాకా, మా అత్తమ్మ ఇప్పుడు ఏ హాస్పిటల్‌కి ఫోన్ చేసినా అడిగే ప్రశ్ననే నేనూ నేర్చుకున్నాను. డిగ్రీ సంగతి అడగదామె. "సారు రాత్రి ఉంటడా? లేకుంటే ఎవరుంటరు?"